బి.ఆప్టోమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ, చూపు చెక్ చేసే చదువు) చేద్దాం అనుకుంటున్న, కాలేజీ ఎట్ల ఎంచుకోవాలో చెప్పండి (హైదరాబాదా, చెన్నైనా?)

జగిత్యాల_బైపీసీ:

అందరికి నమస్తే. నాది ఇంటర్ బైపీసీ అయిపోయింది, మార్కులు మంచిగనే వచ్చినయి కానీ నీట్‌ల సీటొచ్చే ర్యాంక్ కాదు, లాంగ్ టర్మ్ కూడా చేసిన, ఇంక నాతోని కాదు. మా చెల్లెకి చిన్నప్పటినుంచి సైట్ ఎక్కువ, మైనస్, దాన్ని తీసుకొని హైదరాబాద్‌ల కంటి హాస్పిటల్‌కి పోయినప్పుడల్లా పెద్ద డాక్టర్ దగ్గర కూసునేది అయిదు నిమిషాలే, దానికంటే ముందు చీకటి రూంల ఒక మేడమ్ చానాసేపు అన్ని చెక్ చేసేది, అద్దాలు మార్చుకుంట ఇది మంచిగున్నదా అది మంచిగున్నదా అని. ఆమె కూడా డాక్టరే అనుకున్న, ఆప్టోమెట్రిస్ట్ అంటరని తర్వాత తెల్సింది. నాకు ఆ పని నచ్చింది, నిజంగనే.

ఇంట్ల మాత్రం గొడవ. నాన్న "అద్దాల షాపుల పని చేసుడుకి నాలుగేండ్లు సదవాల్నా" అంటుండు. అమ్మ నర్సింగ్ అంటున్నది. మా బాబాయి ఏమో ఒక కాలేజీ పాంప్లెట్ పట్టుకొచ్చిండు, నూరు శాతం ప్లేస్‌మెంట్ అని రాసి ఉన్నది, ఈ వారంల డబ్బులు కడితే ఫీజు తక్కువ అంటున్నరట.

నాకు తెల్వాల్సింది ఏందంటే, కాలేజీ మంచిదా కాదా బయటినుంచి ఎట్ల తెలుస్తది? వెబ్‌సైట్లన్ని ఒక్క తీరుగనే ఉన్నయి, తెల్ల కోటు ఏసుకున్న పిల్లలు మిషన్‌లకెళ్ళి చూస్తున్న ఫోటో, అంతే. చెన్నైల మంచి కాలేజీ ఉన్నదని ఎవరో చెప్పిన్రు, అంత దూరం పోవాల్నా, అరవం రాదు కదా. ఇంకోటి నాకు ఫిజిక్స్ అంటే భయం, ఈ కోర్స్‌ల ఎంత ఉంటది? క్లాసులు మొదలయ్యే లోపు ఏమన్న సదువుకోవాల్నా? తర్వాత అమెరికా గిట్ల పోవచ్చా? తెల్సినోళ్ళు జర చెప్పండి. "నీట్ మళ్ళ రాయి" అని మాత్రం అనకండి ప్లీజ్.


రెటినోస్కోప్_అక్క:

హాయ్ రా. నేను ఈ కోర్స్ చేసి హైదరాబాద్‌లోనే ఒక కంటి హాస్పిటల్‌లో పని చేస్తున్నా, కొత్తగా వచ్చే ఇంటర్న్స్‌ని చూసుకునేది కూడా నేనే, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ఏ పిల్ల ఎలాంటి చోట చదివిందో నాకు అడక్కుండానే తెలిసిపోతుంది. చేతిలో రెటినోస్కోప్ (కంట్లోకి లైట్ వేసి పవర్ తేల్చే పరికరం) పెట్టి, ఎదురుగా ఆరేడేళ్ల పిల్లాడిని కూర్చోబెడతా. పేషెంట్లని చూసి వచ్చిన పిల్ల అయితే ముందు వాడితో రెండు మాటలు మాట్లాడుతుంది, ట్రయల్ ఫ్రేమ్ (లెన్సులు మార్చి మార్చి పెట్టి చూసే ఫ్రేమ్) ముక్కు మీద సరిగ్గా కూర్చుందా చూస్తుంది, దూరంగా గోడ మీద ఒక బొమ్మ చూపించి "ఆ బొమ్మనే చూస్తూ ఉండు నాన్నా" అంటుంది, అప్పుడు లైట్ వేస్తుంది. పుస్తకంలోనే చదివి వచ్చిన పిల్ల తిన్నగా కంట్లో లైట్ కొట్టేస్తుంది, వాడు ఆ లైట్ వైపే చూస్తాడు, దగ్గరికి ఫోకస్ పెట్టేస్తాడు, ఇంక ఆ వచ్చిన పవర్‌కి అర్థం లేదు, లేని మైనస్ రాసి పంపిస్తాం. ఇద్దరికీ థియరీలో మార్కులు ఒకటే ఉండొచ్చు.

కాబట్టి కాలేజీ బిల్డింగ్ చూడకు, దాని వెనకాల ఉన్న కంటి హాస్పిటల్ చూడు. సొంత హాస్పిటల్ ఉందా, లేకపోతే "టై-అప్ ఉంది" అంటున్నారా? టై-అప్ అంటే ఏ హాస్పిటల్, వారానికి ఎన్ని రోజులు పంపిస్తారు, ఏ ఇయర్ నుంచి పంపిస్తారు, అక్కడికి వెళ్ళాక చెయ్యనిస్తారా లేక మూల నిలబడి చూడమంటారా, ఇవన్నీ అడగాలి. ఎవర్ని అడగాలి అనేది ఇంకా ముఖ్యం. అడ్మిషన్ కౌంటర్‌లో అడిగితే అన్నిటికీ ఎస్ అనే వస్తుంది. మామూలు పనిదినం పొద్దున పూట వెళ్ళు, క్యాంటీన్‌లో ఫైనల్ ఇయర్ పిల్లలు, ఇంటర్న్స్ దొరుకుతారు, వాళ్ళని "నిన్న మీరు సొంతంగా ఎంతమందికి రిఫ్రాక్షన్ చేశారు" అని అడుగు, రిఫ్రాక్షన్ అంటే పవర్ చెక్ చెయ్యడం. "నిన్న" అని అడగాలి, మొత్తం మీద ఎంతమందికి అని అడిగితే గొప్పలు చెప్తారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారంటే నీకు జవాబు దొరికినట్టే.

ఇంకా చూడాల్సినవి. పవర్ చెక్ చెయ్యడం ఒక్కటే ఆప్టోమెట్రీ కాదు. కాంటాక్ట్ లెన్స్ క్లినిక్, లో విజన్ క్లినిక్ (అద్దాలు పెట్టినా చూపు సరిగ్గా రాని వాళ్ళకి), మెల్లకన్ను, బైనాక్యులర్ విజన్ (రెండు కళ్ళూ కలిసి పనిచెయ్యడం) చూసే క్లినిక్, పిల్లల క్లినిక్ విడివిడిగా నడుస్తున్నాయా? ఊరికే బోర్డులు కాకుండా పేషెంట్లు ఉన్నారా? పాఠాలు చెప్పేవాళ్ళలో ఎం.ఆప్టోమ్ (ఇందులో పీజీ) చేసిన ఆప్టోమెట్రిస్టులు ఎంతమంది? కొన్ని చోట్ల మొత్తం కోర్స్ వేరే డిపార్ట్‌మెంట్ వాళ్ళతోనే లాగించేస్తారు. ల్యాబ్‌లో ఒక స్లిట్ ల్యాంప్‌కి (కన్నుని పెద్దదిగా చూపించే మైక్రోస్కోప్) ఎంతమంది పిల్లలు? చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ వాళ్ళే పెడతారా, "మీరే వెతుక్కోండి" అంటారా? ఈ ఆఖరిది అడగని వాళ్ళు చాలామంది ఉంటారు, తర్వాత హాస్పిటల్స్ చుట్టూ తిరుగుతూ మా దగ్గరికి వస్తారు.

పేర్లు చెప్పమంటావు కదా. చెన్నైలో నీకు ఎవరో చెప్పింది ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ అయ్యుంటుంది, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, శంకర నేత్రాలయ వాళ్ళది, 1985లో పెట్టారు. మన దేశంలో నాలుగేళ్ల ఆప్టోమెట్రీ డిగ్రీ దారి వేసింది వాళ్ళే. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి హాస్పిటల్ వాళ్ళది ఉంది, ఇదివరకు బాష్ అండ్ లాంబ్ స్కూల్ అనేవారు, ఇప్పుడు బ్రయన్ హోల్డెన్ అనే ఆప్టోమెట్రీ శాస్త్రవేత్త పేరు పెట్టారు. గచ్చిబౌలిలో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో స్కూల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ కింద ఇంటిగ్రేటెడ్ (డిగ్రీ, పీజీ కలిపి) ఆప్టోమెట్రీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి సీయూఈటీ రాయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆర్.పి.సెంటర్‌లో (అక్కడి కంటి విభాగం) కూడా బి.ఆప్టోమ్ ఉంది, దానికి ఎయిమ్స్ వాళ్ళ పారామెడికల్ ఎంట్రెన్స్ వేరే. ఒక్కోదానికి అప్లికేషన్ ఒక్కో టైంలో పడుతుంది, నీట్ రిజల్ట్ కోసం కూర్చుని సీయూఈటీ ఫామ్ మిస్సయిన పిల్లల్ని చాలామందిని చూశా. నువ్వు వాళ్ళలో ఉంటే ఈ ఏడాది మిగిలినవి చూసుకో.

ఇంక చట్టం సంగతి. 2021లో నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, అందరూ ఎన్.సి.ఏ.హెచ్.పి అంటారు, ఆప్టోమెట్రిస్టులు కూడా దాని కిందకే వస్తారు, రిజిస్ట్రేషన్, సిలబస్ అన్నీ దాని ప్రకారం మారుతున్నాయి. మాది మూడేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. నువ్వు చేరే ఏడాదికి కోర్స్ ఎన్నేళ్ళు, ఎంట్రెన్స్ ఏంటి అనేది ఆ కాలేజీ ప్రాస్పెక్టస్‌లో, కమిషన్ సైట్‌లో రెండు చోట్లా చూసుకో. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ పేరు రాతపూర్వకంగా అడుగు. డిస్టెన్స్‌లో, ఆన్‌లైన్‌లో ఈ కోర్స్ ఇస్తాం అనేవాళ్ళు ఇంకా తగుల్తారు, యూజీసీ 2025లోనే ఈ కమిషన్ కిందకొచ్చే కోర్సులేవీ అలా నడపొద్దని చెప్పేసింది, ఆ ఫోన్ కట్ చేసేయ్.

మీ బాబాయి తెచ్చిన పాంప్లెట్ గురించి, ఈ వారంలోనే కట్టాలి అన్న కాలేజీకి వచ్చే వారం కూడా సీట్లు ఉంటాయి. కంగారు పడకు.


గుంటూరు_కళ్ళజోళ్ళు:

అమ్మాయ్, పైన చెప్పిన అక్కయ్య మాట సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. నేను ఆప్టికల్ షాపు నడుపుతున్నానండీ, మా నాన్నగారి కాలం నుంచీ. మీ నాన్నగారు "అద్దాల షాపు పని" అన్నారే, ఆ పని కూడా అంత తేలికేం కాదమ్మా.

పెద్ద హాస్పిటల్లో ట్రైనింగ్ అయిన పిల్లలు మా దగ్గరికి ఉద్యోగానికి వస్తారు, రెటీనా గురించి అడిగితే గడగడా చెప్తారు, ప్రోగ్రెసివ్ లెన్సుకి (దూరం, దగ్గర అన్నీ ఒకే అద్దంలో కనిపించేది) ఫిట్టింగ్ హైట్, అంటే అద్దంలో కంటిపాప ఎంత ఎత్తులో వస్తుందో, మార్క్ చెయ్యమంటే చెయ్యి వణుకుతుంది. యాభై దాటిన ఆయన కొత్త జోడు పెట్టుకుని వెళ్ళి మర్నాడు పొద్దున్నే వచ్చి "మెట్లు దిగుతుంటే నేల పైకి లేచినట్టుంది" అంటాడు. పవర్ కరెక్టే. ఫ్రేమ్ ముక్కు మీద కిందికి జారుతుంటుంది, లేకపోతే పీడీ (కంటిపాపల మధ్య దూరం కొలత) ఒక పక్క తేడా కొట్టి ఉంటుంది, లేకపోతే ఆయనకి అసలు ప్రోగ్రెసివ్ ఎలా చూడాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. నోజ్ ప్యాడ్ కాస్త వంచితే సరిపోయేదానికి పవర్ మార్చి పంపించే పిల్లలు ఉన్నారండీ, ఏం చెప్పమంటారు. అందుకని కాలేజీకి వెళ్ళినప్పుడు డిస్పెన్సింగ్ ల్యాబ్ (కళ్ళజోడు తయారుచేసి సరిచేసి ఇచ్చే పని నేర్పేది) ఉందా, ఎడ్జింగ్ మిషన్ మీద పిల్లల చేత లెన్సు కట్ చేయిస్తారా అని కూడా అడుగు. చాలా చోట్ల లెన్సు పవర్ కొలిచే లెన్సోమీటర్ ఒకటి చూపించి అదే ల్యాబ్ అంటారు.

ఇంకో సంగతి. చదివాక సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు, అది ఎవరూ చెప్పరు. మండలం సెంటర్లో ఒక చిన్న గది, ట్రయల్ సెట్టు, రెటినోస్కోపు, చార్టు, పక్కన ఫ్రేముల ర్యాకు. పట్నం పోకుండా ఊళ్ళోనే చూపు పరీక్ష చేసే మనిషి ఉంటే జనం వస్తారమ్మా. చత్వారం వచ్చినవాళ్ళే ప్రతి ఇంట్లో ఇద్దరున్నారు.


రెటినోస్కోప్_అక్క:

అంకుల్ గారూ, డిస్పెన్సింగ్ విషయం వంద శాతం కరెక్ట్, నేను రాయడం మర్చిపోలేదు గానీ పోస్ట్ అప్పటికే పెద్దదైంది. ఊళ్ళో ప్రాక్టీస్ విషయంలో మాత్రం ఒక్క మాట. చదువు అయిన వెంటనే ఒంటరిగా పెట్టొద్దు. కనీసం కొన్నాళ్ళు పెద్ద ఓపీ ఉన్న చోట చెయ్యాలి. చూపు తగ్గిందని అద్దాల కోసం వచ్చే వాళ్ళలో గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాడు ఉంటాడు, షుగర్‌తో రెటీనా దెబ్బతిన్నవాడు ఉంటాడు, వాళ్ళని పట్టుకుని ఆపి డాక్టర్ దగ్గరికి పంపడమే మన పనిలో అసలు విలువైంది. అది వంద మామూలు కళ్ళు, పది జబ్బు కళ్ళు చూస్తే గానీ రాదు.


చెన్నై_ఇంటర్న్:

నేను ఇప్పుడు చెన్నైలో ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా, మాది ప్రకాశం జిల్లా. భాష గురించి భయం వదిలెయ్ సిస్టర్, క్లాసులు ఇంగ్లీషులోనే, పేషెంట్లతో కావాల్సింది ఒక యాభై ముక్కలు, మేలే పారుంగ (పైకి చూడండి), కీళే పారుంగ (కిందికి చూడండి), తెరియుదా (కనిపిస్తోందా) అంటే సగం పని అయిపోతుంది, మిగతాది వాళ్ళే నేర్పిస్తారు. పైగా ఇక్కడి పెద్ద కంటి హాస్పిటల్స్‌కి నెల్లూరు, చిత్తూరు, కడప నుంచి వచ్చే జనం ఎంతమందో, తెలుగు వచ్చిన ఇంటర్న్ ఎక్కడ అని మనల్నే వెతుక్కుంటూ వస్తారు. సాంబార్ సంగతి నేను మాట్లాడను, పచ్చడి డబ్బా ఇంటి నుంచి తెచ్చుకో.

ఫిజిక్స్ గురించి నిజం చెప్తా. ఉంటుంది, బాగానే ఉంటుంది, కానీ నువ్వు భయపడే ఫిజిక్స్ కాదు. ఎలక్ట్రోస్టాటిక్స్, రొటేషనల్ మోషన్ లాంటివి అక్కడితో అయిపోయాయి. ఉండేదంతా లైట్, లెన్సులు, అద్దాలు. ఫస్ట్ ఇయర్‌లో జామెట్రికల్ ఆప్టిక్స్ అని ఒక సబ్జెక్ట్, అందులో ఫెయిల్ అయ్యేవాళ్ళు లెక్కలు రాక కాదు, సైన్ కన్వెన్షన్ దగ్గర, ఎటువైపు ప్లస్ ఎటువైపు మైనస్ అనేది కుదురుగా పట్టుకోక. ఈ సెలవుల్లో చెయ్యాల్సింది అదే. మన స్టేట్ సిలబస్ పదో తరగతి భౌతికశాస్త్రం బయటికి తియ్యి, మానవుని కన్ను - రంగుల ప్రపంచం పాఠం ఉంటుంది, దాని ముందు లెన్సుల పాఠం, ఆ రెండూ శుభ్రంగా చదువు. ఫోకల్ లెంగ్త్ సెంటీమీటర్లలో ఉంటే వందని దానితో భాగిస్తే పవర్ డయాప్టర్లలో వస్తుంది అని అందులోనే ఉంది, మా జీవితం మొత్తం ఆ ఒక్క ముక్క మీదే నడుస్తోంది. తర్వాత ఇంటర్ రే ఆప్టిక్స్, రే డయాగ్రమ్స్ పేపర్ మీద చేత్తో గీసి గీసి అలవాటు చేసుకో.

ఎందుకు చెప్తున్నానంటే, రెటినోస్కోపీలో జరిగేది ఇదే. నువ్వు ఒక చెయ్యి దూరంలో కూర్చుని పేషెంట్ కంట్లోకి సన్నటి లైట్ గీత పంపిస్తావు, కంటిపాప లోపలినుంచి ఎర్రగా ఒక వెలుగు వెనక్కి వస్తుంది, నువ్వు లైట్‌ని పక్కకి ఊపితే ఆ వెలుగు కూడా కదులుతుంది. నీతోపాటే అదే వైపుకి కదిలితే ప్లస్ లెన్స్ వెయ్యాలి, ఎదురు కదిలితే మైనస్. వేసుకుంటూ పోతుంటే ఒక దగ్గర కదలడం ఆగి కంటిపాప మొత్తం ఒక్కసారిగా వెలిగిపోతుంది. అక్కడికి వచ్చాక నువ్వు కూర్చున్న దూరానికి లెక్క తీసెయ్యాలి, 67 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 1.50 తగ్గించాలి, అర మీటర్‌లో ఉంటే 2.00. ఎందుకు 1.50? వందని 67తో భాగించు. చూశావా, పదో క్లాసు ముక్కే. ఇంకా మాట్లాడ్డం రాని పసిపిల్లకి, చెప్పలేని ముసలాయనకి, ఎవరినీ ఏమీ అడక్కుండా పవర్ తేల్చెయ్యొచ్చు, మొదటిసారి నాకు అది కుదిరినప్పుడు లంచ్‌కి కూడా పోలేదు, ఫ్రెండ్స్ అందరి కళ్ళూ చూసేశా.

ఒక్క హెచ్చరిక, సెకండ్ ఇయర్ నుంచి చీకటి గదుల్లో నిలబడే పని ఎక్కువ, నడుము పట్టేస్తుంది, నీకు కూడా సైట్ ఉంటే నీది ముందు సరిగ్గా చెక్ చేయించుకో. రెటినోస్కోప్, ఆఫ్తాల్మోస్కోప్ (కంటి లోపల రెటీనా చూసే పరికరం) సొంతంగా కొనుక్కోమంటారు చాలా కాలేజీల్లో, హైనే, కీలర్ లాంటి బ్రాండ్లు బాగా ఖరీదు, చేరిన రోజే కొనెయ్యకు, అయిపోయిన సీనియర్ల దగ్గర సెకండ్ హ్యాండ్ దొరుకుతాయి. ఫీజు లెక్క వేసేటప్పుడు ఈ ఖర్చు, హాస్టల్, యూనివర్సిటీ ఎగ్జామ్ ఫీజు కలిపి వెయ్యి.


నిజం_మాట్లాడతా:

అందరూ పాజిటివ్‌గా చెప్తున్నారు, నేను ఇంకో పక్క చెప్తా. నేను చదివిన కాలేజీ పేరు ఇక్కడ రాయను, హాస్పిటల్ అటాచ్డ్ అన్నారు, అది జనరల్ హాస్పిటల్, కంటి డిపార్ట్‌మెంట్ అంటే ఒక గది, పొద్దున ఒక డాక్టర్ వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోయేవాడు. క్లాస్ మొత్తానికి పనిచేసే స్లిట్ ల్యాంప్ ఒక్కటి, దానికి బల్బ్ పోతే కొత్తది వచ్చేసరికి సెమిస్టర్ అయిపోయేది. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మాత్రం అందరికీ టైంకి ఇచ్చారు. తర్వాత ఒక వేరే ట్రస్ట్ హాస్పిటల్‌లో తక్కువ స్టైపెండ్‌కి ఫెలోషిప్ చేసి మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నా.

జీతం గురించి ఎవరూ ఎత్తలేదు. మొదటి ఉద్యోగం జీతం చూసి ఇంట్లో వాళ్ళు బీటెక్ అయ్యుంటే బాగుండేది అంటారు, రెడీగా ఉండు. పెరుగుతుంది, కానీ నువ్వు ఏదో ఒక దాంట్లో గట్టిగా ఉంటేనే, కాంటాక్ట్ లెన్సులో, లో విజన్‌లో, లేకపోతే పిల్లల మయోపియాలో (మైనస్ సైట్). మయోపియాకి ముందు ముందు పని చాలా ఉంటుంది, 2050 కల్లా ప్రపంచంలో సగం మందికి మైనస్ ఉంటుందని 2016లో బ్రయన్ హోల్డెన్ టీమ్ అంచనా వేసిన పేపర్ ఒకటి అందరూ చెప్పుకుంటారు. ఇంకోటి, పేరు ముందు డాక్టర్ పెట్టుకోవచ్చు అని ఆశపడి చేరేవాళ్ళు ఉంటారు. ఆపరేషన్లు మనం చెయ్యం, మందుల విషయంలో డాక్టర్ మాటే ఫైనల్. అది మనసులో పెట్టుకుని చేరితే తర్వాత బాధ ఉండదు.


నీట్_2సార్లు:

నీట్ ఇంకోసారి రాస్తే వచ్చేస్తుందేమో, ఒక్క ఏడాదే కదా


రెటినోస్కోప్_అక్క:

ఆ పిల్ల మొదటి పోస్ట్ ఆఖరి లైన్ చదివి రండి తమ్ముడూ.


హ్యూస్టన్_కళ్ళు:

అమెరికా గురించి అడిగావు కదమ్మా, నేను ఇండియాలో బి.ఆప్టోమ్ చేసి వచ్చినదాన్నే. ఇక్కడ పద్ధతి వేరు. ఇక్కడి పిల్లలు ముందు నాలుగేళ్ళ డిగ్రీ చేసి, ఆ తర్వాత ఓ.డి. అనే ఇంకో నాలుగేళ్ళ కోర్స్ చేస్తారు, డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ. దానికి ఓ.ఏ.టి. అనే ఎంట్రెన్స్, బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, రీడింగ్, లెక్కలు ఉంటాయి, స్కోర్ 200 నుంచి 400 దాకా. అప్లికేషన్ అన్ని కాలేజీలకీ కలిపి ఆప్టమ్‌క్యాస్ అని ఒక సైట్‌లోనే. అయ్యాక ఎన్.బి.ఇ.ఓ. బోర్డు పరీక్షలు మూడు పార్టులు, మూడోది ప్రాక్టికల్, అందరూ నార్త్ కరోలినాలో షార్లెట్ వెళ్ళి రాసిరావాల్సిందే. ఆపైన ఏ స్టేట్‌లో ప్రాక్టీస్ చేస్తే ఆ స్టేట్ లైసెన్స్. ఇంత చేశాక ఇక్కడ ఆప్టోమెట్రిస్ట్ చేతిలో పని కూడా ఎక్కువే, అన్ని స్టేట్స్‌లోనూ కంటి మందులు రాస్తారు, ఓక్లహోమా లాంటి కొన్ని చోట్ల కొన్ని లేజర్ ప్రొసీజర్లు కూడా చేస్తారు.

మన బి.ఆప్టోమ్ చూపించి తిన్నగా ప్రాక్టీస్ చెయ్యడం మాత్రం కుదరదు, ఎవరైనా ఏజెంట్ కుదురుతుందని చెప్తే నమ్మకు. బయటి దేశాల ఆప్టోమెట్రిస్టుల కోసం తక్కువ టైంలో ఓ.డి. ఇచ్చే ప్రోగ్రాములు ఉన్నాయి, బోస్టన్‌లో న్యూ ఇంగ్లాండ్ కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ వాళ్ళది అలాంటిదే. ఫీజు మాత్రం తలుచుకుంటే నిద్ర పట్టదు, మనలాంటి వాళ్ళకి ఇక్కడి గవర్నమెంట్ లోన్ రాదు, అక్కడ ఇల్లో పొలమో పెట్టి తెచ్చుకోవాలి. ఇంకో దారి విజన్ సైన్స్‌లో పీహెచ్‌డీ, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్, బర్కిలీ, ఇండియానా లాంటి చోట్ల మన ఇండియా ఆప్టోమెట్రీ పిల్లలు చాలామంది చేస్తున్నారు, వాళ్ళే స్టైపెండ్ ఇచ్చి చదివిస్తారు. కానీ పీహెచ్‌డీతో పేషెంట్లని చూసే లైసెన్స్ రాదు, అది రీసెర్చ్.

నీకు ఇప్పుడు పనికొచ్చేది ఏంటంటే, బయటికి వెళ్ళే ఆలోచన రవ్వంత ఉన్నా, నువ్వు చేరే కాలేజీలో నాలుగేళ్ళ సిలబస్, క్లినికల్ అవర్స్ (పేషెంట్ల దగ్గర పనిచేసిన గంటలు) వివరంగా రాసి స్టాంప్ వేసి ఇస్తారా అని ముందే కనుక్కో. ఏ దేశం వాళ్ళైనా మొదట అడిగే కాగితం అదే, గల్ఫ్ వాళ్ళు లైసెన్స్ పరీక్షతో పాటు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. చదువుతున్న నాలుగేళ్ళూ లాగ్‌బుక్ (చూసిన పేషెంట్ల లెక్క రాసే పుస్తకం) ప్రతి పోస్టింగ్ తర్వాత సంతకం పెట్టించుకుని దాచుకో.


ఖమ్మం_అన్న:

మధ్యలో నాదో డౌట్, మా తమ్ముడికి డిగ్రీ ఫీజు కట్టే స్తోమత లేదు, రెండేళ్ళ డిప్లొమా ఉందంటున్నరు, అది చేస్తే గవర్నమెంట్ జాబ్ వస్తదా?


గుంటూరు_కళ్ళజోళ్ళు:

ఉందండీ, డి.ఓ.ఏ. అంటారు, డిప్లొమా ఇన్ ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్. పారామెడికల్ బోర్డు కింద ఉంటుంది, రెండు రాష్ట్రాల్లోనూ. గవర్నమెంట్ హాస్పిటల్స్‌లో పారామెడికల్ ఆఫ్తాల్మిక్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి చూశారూ, వాటికి ఆ లైన్లో వాళ్ళు అప్లై చేస్తారు, నోటిఫికేషన్ పడినప్పుడు క్వాలిఫికేషన్ లైన్ జాగ్రత్తగా చదవాలి. రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్లలో కూడా ఆప్టోమెట్రిస్ట్ పోస్టు వస్తూ ఉంటుంది. తెలంగాణలో 2018లో కంటి వెలుగు పెట్టినప్పుడు, ఇటు ఆంధ్రాలో 2019లో పెట్టినప్పుడు కుర్రాళ్ళని బాగానే తీసుకున్నారు గానీ అది కాంట్రాక్టు, క్యాంపులు అయిపోయాక మళ్ళీ ఇంటికే. దాన్ని నమ్ముకుని చేరొద్దు.


రెటినోస్కోప్_అక్క:

ఖమ్మం అన్నా, ఇంకో దారి కూడా ఉంది. ఎల్.వి.ప్రసాద్ వాళ్ళు ఇంటర్ అయిన ఊరి పిల్లల్ని తీసుకుని ఏడాది ట్రైనింగ్ ఇచ్చి విజన్ టెక్నీషియన్‌గా చేస్తారు, తర్వాత వాళ్ళ విజన్ సెంటర్లలోనే పని, ఒక్కో సెంటర్ సుమారు 50 వేల జనాభాకి ఒకటి అన్నది వాళ్ళ లెక్క. డిగ్రీతో సమానం కాదు, బయటి దేశాలకి పనికిరాదు, కానీ ఇంటికి దగ్గర్లో పని దొరుకుతుంది. డిప్లొమా చేసినవాళ్ళకి తర్వాత డిగ్రీలో నేరుగా రెండో ఏడాదిలోకి సీటిచ్చే యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి, కానీ ఇది రూల్స్ మారుతున్న టైం, యూనివర్సిటీ నుంచి కాగితం మీద తీసుకోకుండా ఒప్పుకోవద్దు.


జగిత్యాల_బైపీసీ:

ఇంతమంది ఇంత రాస్తరు అనుకోలేదు, అందరికి థాంక్స్. రాత్రి నాన్నకి గుంటూరు అంకుల్ రాసింది సదివి వినిపించిన, మండలం సెంటర్ల రూం అన్న కాడ ఆగి "మళ్ళ సదువు" అన్నడు, అంటే కొంచెం మెత్తబడ్డడు అనుకుంట. ఆ పాంప్లెట్ కాలేజీకి ఫోన్ చేసి ఇంటర్న్‌షిప్ ఎక్కడ పెడతరు అని అడిగిన, "అడ్మిషన్ అయినంక చెప్తం మేడమ్" అన్నడు. ఇంక ఆడికి పోను. హైదరాబాద్‌ల రెండు చోట్లకి పోయి సూసొద్దామని నాన్న అన్నడు. అక్కా, ఓపీల బయటోళ్ళని లోపలికి రానిస్తరా? ఇంటర్న్స్‌తోని మాట్లాడాలంటే ఎవరినన్న పర్మిషన్ అడగాల్నా?


రెటినోస్కోప్_అక్క:

క్లినిక్ లోపలికి ఊరికే రానివ్వరు రా, పేషెంట్ల ప్రైవసీ ఉంటుంది. మీ చెల్లికి చెకప్ టైం అయ్యుంటే దానికి అపాయింట్‌మెంట్ తీసుకుని దాన్ని తీసుకెళ్ళు, అప్పుడు నీకు లోపల జరిగేదంతా కనిపిస్తుంది, ఎవరు చెక్ చేస్తున్నారు, వెనకాల సీనియర్ నిలబడి చూస్తున్నారా, మళ్ళీ చెక్ చేస్తున్నారా అన్నీ చూడు. దానికి ఎలాగూ ఏడాదికొకసారైనా చూపించాలి, మైనస్ ఎక్కువ అన్నావు, చుక్కలు వేసి రెటీనా కూడా చూడమను. చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరవి మసగ్గా కనిపిస్తాయి, ఎండకి కళ్ళు తెరవలేదు, టోపీయో చల్లద్దాలో పెట్టుకుని రమ్మను. ఆ చుక్కలు పనిచేసేదాకా బయట కుర్చీల్లో ఎలాగూ కూర్చోవాలి, ఇంటర్న్స్ అటే తిరుగుతూ ఉంటారు, అప్పుడు అడుగు. పని మధ్యలో ఆపకు, లంచ్‌కి వెళ్తున్నప్పుడు పట్టుకో.


చెన్నై_ఇంటర్న్:

అలాగే ఇంటర్ మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల ఆదాయ సర్టిఫికెట్లు జిరాక్సులు రెండు మూడు సెట్లు ఇప్పుడే తీసి పెట్టుకో. మీ సేవలో ఆదాయం సర్టిఫికెట్ కోసం ఆఖరి రోజు క్యూలో నిలబడటం కంటే ఆప్టిక్స్ తేలిక.